స్టేపిస్ ఆపరేషన్ తర్వాత వినికిడి ఎంత వస్తుందో లోపలి చెవే నిర్ణయిస్తుంది

మీ అమ్మగారికి ఆటోస్క్లెరోసిస్ (మధ్య చెవిలోని స్టేపిస్ అనే చిన్న ఎముక బిగుసుకుపోయి వినికిడి తగ్గే వ్యాధి) అని చెప్పారనీ, ఆపరేషన్ చేయిస్తే మునుపటిలా వినిపిస్తుందా అనీ అడిగారు. ఆమె ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష గ్రాఫ్‌లో, ఎముక ద్వారా వినికిడిని చూపే గీత ఎక్కడుందో తెలియకుండా ఈ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేరని నా గట్టి నమ్మకం.

చెన్నైలో పెరంబూరులో ఉండే మా మేనత్తకు అరవై దాటాక ఈ ఆపరేషన్ జరిగింది. అంతకు ముందు పరీక్ష గదిలో ఆమె పక్కన నేనే కూర్చున్నాను. హెడ్‌ఫోన్ పెట్టినప్పుడు డెబ్బై అయిదు డెసిబెల్స్ దగ్గర గానీ ఆమె వేలు ఎత్తలేదు. తర్వాత చెవి వెనుక ఎముక మీద చిన్న కంపన పరికరం ఆనించి, రెండో చెవిలో హోరు శబ్దం పెట్టి మళ్లీ పరీక్షిస్తే, నలభై దగ్గరే వేలు లేచింది. మధ్య చెవిని దాటించి శబ్దాన్ని నేరుగా లోపలి చెవికి చేర్చే పరీక్ష అది. అంటే ఆ ముప్పై అయిదు డెసిబెల్స్ తేడా బిగుసుకుపోయిన స్టేపిస్ వల్ల వచ్చింది. మిగిలిన నలభై కాక్లియాలోని, అంటే శబ్దాన్ని గ్రహించే లోపలి చెవి భాగంలోని, లోపం. స్టేపిస్ పని చేసేందుకు పిస్టన్ అనే చిన్న కృత్రిమ భాగం అమర్చిన తర్వాత ఆమె నలభై అయిదు దగ్గర విన్నారు. డాక్టరుగారు ఆపరేషన్ విజయవంతమైందన్నారు, లెక్క ప్రకారం అది నిజమే. ఇంటికొచ్చిన మేనత్త మాత్రం, "గొంతులు పెద్దగానే వినిపిస్తున్నాయమ్మా, మాటలే విడివిడిగా తెలియడం లేదు" అన్నారు. పైపులో అడ్డు తీసినా బావిలో ఉన్నన్ని నీళ్లే కదా పైకి వచ్చేది!

ఆ నలభై సంగతి ముందే ఆమెకు అర్థమయ్యే తెలుగులో చెప్పి ఉండవలసింది. ఆ ఆసుపత్రిలో రిపోర్టు చేతికిచ్చి, తమిళంలో నాలుగు ముక్కలు చెప్పి పంపేశారు. వినికిడి తగ్గిన మనిషికి తనకు పూర్తిగా రాని భాషలో, అదీ వేగంగా, వివరించడమేమిటి? ఈ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే.

అమెరికా చెవి శస్త్రవైద్యుడు జాన్ షియా 1956లో స్టేపిస్ స్థానంలో కృత్రిమ భాగం అమర్చిన నాటి నుంచి పరికరాలు ఎంతో మారాయి గానీ, లోపలి చెవి గీసిన ఆ హద్దు మారలేదు. రెండు వేల హెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గర ఎముక గీత కొంత కిందికి దిగినా భయపడనక్కర లేదు. స్టేపిస్ బిగుసుకోవడం వల్లే అక్కడ అలా కనిపిస్తుంది, ఆపరేషన్ తర్వాత చాలామందిలో అది సర్దుకుంటుంది. మిగతా చోట్ల కూడా తగ్గుదల ఉంటే అది కాక్లియాదే, వయసు వల్ల కావచ్చు, ఈ వ్యాధే లోపలికి పాకడం వల్ల కావచ్చు. సుమారు నూటికి ఒకరికి ఆపరేషన్ వల్లే లోపలి చెవి తీవ్రంగా దెబ్బతినవచ్చు కనుక, బాగా వినిపించే చెవిని ముందుగా ముట్టుకోరు.

మాటలను గుర్తించే పరీక్ష కూడా తప్పక చేయించండి. మా మేనత్త విషయంలో ఫలితాన్ని ముందే చెప్పగలిగింది అదేనని నా అభిప్రాయం. ఆపరేషన్ వద్దని నేననడం లేదు. డెబ్బై అయిదు దగ్గర ఎంతో శక్తిగల వినికిడి యంత్రం కావలసి వచ్చిన చెవికి, ఇప్పుడు చిన్న యంత్రం తక్కువ శబ్దంతోనే సరిపోతోంది, మనవరాలి ఫోన్ ఆమే ఎత్తుతున్నారు.