ఘాట్ 12 రోజులకా, 12 ఏళ్లకా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటర్ ఎంఈసీ పూర్తి చేసింది. మాకు దిండి రిసార్టులు దగ్గరే కదా, బీబీఏ టూరిజంలో చేర్చుదామని నేను. కాదు, ఎకనామిక్స్ చదువుతానని తను. పార్కులకు, స్టేడియాలకు, టూరిజానికి ప్రభుత్వం పెట్టే డబ్బు గిట్టుబాటవుతుందో లేదో లెక్క తేల్చే పని చేస్తుందట. అసలు అలాంటి ఉద్యోగం ఉందా?

జవాబు: ఉందండీ. కాకపోతే ఆ పేరుతో బోర్డు పెట్టుకున్న ఆఫీసు మీకు కనబడదు. బీబీఏ టూరిజం చదివితే రిసార్టు నడపడం వస్తుంది. ఆ రిసార్టు దాకా ప్రభుత్వం రోడ్డు వేయాలా వద్దా అన్నది మీ అమ్మాయి ప్రశ్న. ఇవి రెండు వేరు చదువులు.

మన గోదావరి పుష్కరాలే తీసుకోండి. 2015 జులైలో 12 రోజులు జరిగాయి, మళ్లీ 2027లో వస్తున్నాయి. ఎంతమంది వచ్చారు, ఎంత ఖర్చుపెట్టారు అని పేపర్లు రాస్తాయి. ఎకనామిస్టు మాత్రం, కొత్త ఘాట్ కట్టకపోతే వీళ్లు రాకుండా ఉండేవాళ్లా అని అడుగుతాడు. పక్క రేవులో మునిగి వెళ్లేవాళ్లే అయితే వాళ్ల ఖర్చును ఈ ఘాట్ ఖాతాలో రాయకూడదు. అమలాపురం వాళ్లు రాజోలు వచ్చి టిఫిన్ చేస్తే రాజోలు హోటలుకు లాభమే. జిల్లాకు మాత్రం ఈ జేబులోది ఆ జేబులో పడినట్టు.

ఇలా తీసేసుకుంటూ పోతే ఘాట్ దండగ అని తేలుతుందనుకోకండి. పుష్కరాలు అయిపోయాక కూడా సాయంత్రం పూట ఆ మెట్ల మీద చల్లగాలికి కూర్చునేవాళ్లు ఉంటారు. వాళ్లు టికెట్ కొనరు కాబట్టి ఆదాయం కాలమ్‌లో వాళ్ల వాటా సున్నా. ఆ సున్నా తప్పు. దీనికి 1947లో హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త అక్కడి నేషనల్ పార్కుల శాఖకు రాసిన ఉత్తరంలో ఒక ఉపాయం చెప్పాడు. టికెట్ లేకపోయినా, రావడానికి ఛార్జీలూ గంటలూ ఖర్చవుతాయి కదా. దూరం పెరిగేకొద్దీ వచ్చేవాళ్లు ఎంత తగ్గుతున్నారో చూస్తే, ఆ చోటు జనానికి ఎంత విలువైనదో అంచనా కట్టవచ్చు. ట్రావెల్ కాస్ట్ పద్ధతి అంటే ఇదే. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా ఇదే.

ఇక కాలం సంగతి. ఏడాదికి 10 శాతం వడ్డీ చొప్పున వేస్తే, పదేళ్ల తర్వాత చేతికొచ్చే లక్ష రూపాయలు ఇవాళ దాదాపు 38,500 కిందే లెక్క. కొబ్బరి మొక్క నాటి కాపు కోసం ఎదురుచూసిన మీకు ఇది నేను చెప్పాలా! ఖర్చు ముందే, రాబడి ఎప్పటికో కాబట్టి పెద్ద స్టేడియాలు సాధారణంగా ఇక్కడే బోల్తా కొడతాయి. కెనడాలోని మాంట్రియల్‌లో 1976 ఒలింపిక్స్ కోసం చేసిన అప్పు తీరేసరికి 2006 వచ్చింది.

ఉద్యోగాలంటారా, డీపీఆర్‌లు (ప్రాజెక్టుల సమగ్ర నివేదికలు) తయారుచేసే కన్సల్టెన్సీలు, పరిశోధన సంస్థలు, ప్రభుత్వ ప్లానింగ్ విభాగాలు ఉన్నాయి. యూపీఎస్సీ పెట్టే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష ఉంది, దానికి ఎకనామిక్స్‌లో పీజీ కావాలి. పోస్టులు మాత్రం తక్కువ. కన్సల్టెన్సీల్లో ఇంకో తలనొప్పి ఉంది. ప్రాజెక్టు ఎలాగైనా లాభమని రావాలని క్లయింటు ముందే అంటాడు. మీ అమ్మాయి కాదనగలిగే మనిషేనా, మీకే తెలియాలి.

దారి ఇదీ: డిగ్రీలో ఎకనామిక్స్‌తో పాటు మ్యాథ్స్‌గానీ స్టాటిస్టిక్స్‌గానీ తప్పకుండా ఉండాలి. తర్వాత ఎంఏకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, పుణెలో గోఖలే ఇన్‌స్టిట్యూట్ లాంటివి చూడొచ్చు. మొత్తం ఐదేళ్లు. అన్నాళ్లు ఇల్లు ఆగలేని పరిస్థితి ఉంటే బీబీఏ తప్పేమీ కాదు, టెన్షన్ పడకండి.

తేల్చుకునే ముందు ఒక పని చేయించండి. వచ్చే ఆదివారం దగ్గర్లోని ఘాట్‌కు నోటుబుక్కుతో పంపి, ఓ 50 మందిని అడగమనండి: ఏ ఊరు, ఎలా వచ్చారు, ఎంతసేపు పట్టింది, ఈ ఘాట్ లేకపోతే ఈ పూట ఏం చేసేవారు? చీకటిపడ్డా ఇంకో పదిమందిని అడిగొస్తానంటే, ఆ నోటుబుక్కుతో ఇద్దరూ రండి. కాలేజీల సంగతి కూర్చుని చూద్దాం.