పది టన్నుల యుద్ధనౌకలో దేనికి ముందు చోటివ్వాలి?

అంతరిక్ష యానం నేపథ్యంగా సాగే ట్రావెలర్ అనే రోల్-ప్లేయింగ్ ఆటలో పది టన్నుల ఫైటర్‌కు, అంటే చిన్న అంతరిక్ష యుద్ధనౌకకు, లేజర్ మేలా, క్షిపణులు మేలా అని అమలాపురంలో మాతో ఆడే మిత్రుడు అడిగారు. ఆయుధం కంటే ముందు చోటు గురించి ఆలోచించడం అవసరమని నా అభిప్రాయం.

నరసాపురం రేవులో పంటు ఎక్కించేటప్పుడు బరువు చూస్తారు; 1977లో వెలువడిన ఈ ఆటలో మాత్రం టన్ను అంటే బరువు కాదు, ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ ఆక్రమించే పరిమాణం, అంటే సుమారు 14 ఘనమీటర్లు. కాబట్టి పది టన్నుల నౌక మొత్తం దాదాపు 140 ఘనమీటర్లే, ఇంజను, విద్యుత్ కేంద్రం, ఇంధనం, పైలట్ గది, సెన్సర్లు అన్నీ అందులోనే ఇమడాలి. నూరు టన్నుల లోపు నౌకలకు జంప్ ఇంజను (నక్షత్రాల మధ్య దూకించే ఇంజను) ఉండదు గనుక వాటిని మోసుకెళ్లే పెద్ద నౌక, అంటే మాతృనౌక, ఎలాగూ తప్పదు.

లేజర్‌కు మందుగుండు అక్కరలేదు, కానీ అది విద్యుత్తు కోరుతుంది; ఆ విద్యుత్తు కోసం కేంద్రాన్ని పెంచితే కవచానికో ఇంజనుకో దక్కవలసిన చోటు తరిగిపోతుంది. క్షిపణులు దూరం నుంచి గట్టిగా కొడతాయి, అయితే అవి అయిపోయాక నౌక మాతృనౌకకు తిరిగి రాక తప్పదు. అందువల్ల గంటల తరబడి కాపలా కాసే నౌకకు లేజర్‌ను, పెద్ద నౌకపై ఒక్కసారి దాడి చేసి మరలే నౌకకు క్షిపణులను ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను. రెండింటినీ ఇరికించాలన్న ఆశతో ఇంజను వేగాన్ని మాత్రం తగ్గించకండి, ఎందుకంటే దగ్గరి పోరులో చిన్న నౌకను బతికించేది ముఖ్యంగా ఆ వేగమే.