ఎన్నారై సందేహాలు: ప్రపంచ చరిత్ర వ్యాస పరీక్షకు బట్టీ సరిపోతుందా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని చిక్కడపల్లి. ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి, ఆగస్టులో అమెరికాలో కంప్యూటర్ సైన్స్ బీఎస్‌లో చేరబోతున్నాను. మొదటి సెమిస్టర్‌లోనే జనరల్ ఎడ్యుకేషన్ కింద ఇరవయ్యో శతాబ్దపు ప్రపంచ చరిత్ర కోర్సు తీసుకోవలసి వచ్చింది. పరీక్షలన్నీ వ్యాసాలేనట. పదో తరగతి తరువాత నేను సోషల్ పుస్తకం ముట్టుకోలేదు. సివిల్స్‌కు చదువుతున్న మా అన్నయ్య అశోక్‌నగర్‌లో దొరికే ప్రపంచ చరిత్ర నోట్స్ తెచ్చిచ్చి, ఇది బట్టీ పట్టి వెళితే చాలంటున్నాడు. నిజంగా చాలా?

జవాబు: మీ అన్నయ్య తెచ్చిన నోట్స్‌ను పక్కన పడేయకండి. సివిల్స్ మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్‌లో పారిశ్రామిక విప్లవం, ప్రపంచ యుద్ధాలు, వలసపాలన, దాని అంతం, కమ్యూనిజం, పెట్టుబడిదారీ విధానం వంటివన్నీ ఉన్నాయి కాబట్టి, అందులోని సంఘటనలూ తేదీలూ మీ కోర్సుకు చాలావరకు పనికొస్తాయి. అయితే అక్కడ ఒక్కో సమాధానం 150 లేదా 250 పదాల్లో ముగించాలి. అందుకే ఆ నోట్స్ కారణాలు, ఫలితాలు అని సైడ్ హెడింగులు పెట్టుకుని పాయింట్లుగా సాగుతుంది. అమెరికా కళాశాలలో సాధారణంగా ఒకటి రెండు ప్రశ్నలిచ్చి, ఒక్కోదానికి కొన్ని పేజీల పాటు పేరాలుగా రాయమంటారు. ఆ పేజీల్లో ప్రొఫెసర్ మొదట వెతికేది, అడిగిన ప్రశ్నకు మీరు తేల్చిన జవాబు ఏమిటి, దాన్ని ఏ ఆధారాలతో నిలబెట్టారు అన్నదే. వాదన లేకుండా ఎన్ని సంగతులు తప్పు లేకుండా రాసినా మంచి గ్రేడు రావడం కష్టం. తెలిసినదంతా రాశాం, అయినా సీ వచ్చిందేమిటని మన పిల్లలు బాధపడేది సరిగ్గా ఇక్కడే.

ఇలా మాటల్లో చెబితే తలూపి ముందుకు వెళ్లిపోతారు కాబట్టి, ఇటువంటి కోర్సుల్లో తరచుగా వచ్చే ఒక ప్రశ్నను తీసుకుని చూద్దాం. జర్మనీలో నాజీలు అధికారంలోకి రావడానికి, మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీతో కుదిరిన వెర్సాయి ఒప్పందం ఎంతవరకు కారణం? బట్టీ పట్టిన విద్యార్థి ఇలా రాస్తాడు: ఒప్పందంపై 1919 జూన్ 28న సంతకాలు జరిగాయి, 231వ అధికరణం యుద్ధ నష్టాల బాధ్యతను జర్మనీ మీద, దాని మిత్రదేశాల మీద మోపింది, సైన్యాన్ని లక్ష మందికి పరిమితం చేశారు, 1921లో 13,200 కోట్ల బంగారు మార్కుల నష్టపరిహారం నిర్ణయించారు, 1923లో మార్కు విలువ కుప్పకూలింది, 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. ఇందులో ఒక్క తప్పూ లేదు. కానీ ప్రశ్నలోని "ఎంతవరకు" అన్న మాటకు జవాబు కూడా లేదు.

అవే సంగతులను ప్రశ్న ముందు నిలబెట్టి చూడండి. 1928 మే ఎన్నికల్లో నాజీలకు వచ్చిన ఓట్లు 2.6 శాతం. అప్పటికి ఒప్పందం అమల్లోకి వచ్చి ఎనిమిదేళ్లు దాటింది. కేవలం ఒప్పందం మీది కోపమే వాళ్లను గెలిపించేదైతే ఆ కోపం అన్నేళ్లు ఎక్కడ దాక్కుంది? 1924 నాటి డాస్ ప్రణాళికతో నష్టపరిహారపు చెల్లింపుల భారం కొంత తగ్గింది, అమెరికా అప్పులతో పరిశ్రమలు కోలుకున్నాయి. 1929 అక్టోబరులో న్యూయార్క్ స్టాక్ మార్కెట్ పతనమైన తరువాత ఆ అప్పులు వెనక్కు పోయాయి. 1932 నాటికి జర్మనీలో నిరుద్యోగులు దాదాపు 60 లక్షలకు చేరారు. నాజీల ఓట్లు 1930 సెప్టెంబరులో 18.3 శాతానికి, 1932 జులైలో 37.3 శాతానికి పెరిగాయి. అదే ఏడాది నవంబరులో 33.1 శాతానికి తగ్గాయి కూడా. అంటే హిట్లర్ ఛాన్సలర్ అయినది ఓట్లు పెరుగుతున్నప్పుడు కాదు, తగ్గిన తరువాత. మాజీ ఛాన్సలర్ పాపెన్ వంటి సంప్రదాయవాద నాయకులు అతన్ని తమ చెప్పుచేతల్లో ఉంచుకోవచ్చునని భ్రమపడి అధ్యక్షుడు హిండెన్‌బర్గ్‌ను ఒప్పించడం వల్ల.

ఇప్పుడు మీ వ్యాసానికి మొదటి పేరాలో ఉండవలసిన వాక్యం దొరుకుతుంది: "వెర్సాయి ఒప్పందం నాజీలకు నినాదాలను సమకూర్చింది, ఆర్థిక మాంద్యం ఆ నినాదాలకు జనాన్ని సమకూర్చింది, అధికారం మాత్రం సంప్రదాయవాద నాయకుల బేరసారాల వల్ల దక్కింది." దీనినే అక్కడ థీసిస్ అంటారు. ఇందులోని మూడు ముక్కలూ తరువాతి మూడు పేరాలవుతాయి, ముందు చెప్పిన తేదీలూ శాతాలూ వాటిలో తమ చోటు తామే వెతుక్కుంటాయి. నాలుగో పేరాలో మీ వాదనకు ఎదురు నిలిచే సంగతిని మీరే ఎత్తండి. నష్టపరిహారాన్ని సవరించిన యంగ్ ప్రణాళికకు వ్యతిరేకంగా 1929లో పత్రికాధిపతి హుగెన్‌బర్గ్‌తో కలిసి సాగించిన ప్రచారమే హిట్లర్‌కు దేశవ్యాప్తంగా పేరు తెచ్చింది. కాబట్టి పదేళ్ల తరువాత కూడా ఒప్పందపు నీడ తొలగిపోలేదని ఒప్పుకుని, అయినా మీ తీర్పు ఎందుకు మారదో చెప్పండి. ఎదుటి పక్షాన్ని దాచిపెట్టిన వ్యాసం కంటే దాన్ని ఎదుర్కొన్న వ్యాసానికే ఎక్కువ మార్కులు పడతాయి.

ఆగస్టు లోపల హైదరాబాద్‌లో మీరు చేయగలిగింది కాలక్రమాన్ని ఒంటబట్టించుకోవడం. ఒక పెద్ద చార్టు మీద 1914 నుంచి 1991 వరకు గీత గీసి, యూరప్, ఆసియా, ఆఫ్రికా, అమెరికాలకు నాలుగు వరుసలు పెట్టి, ఒకే ఏడాదిలో ఎక్కడేం జరిగిందో ఎదురెదురుగా రాసుకోండి. తెలుగులో చదివితే తొందరగా అర్థమవుతుందనుకుంటే నిస్సంకోచంగా తెలుగులోనే మొదలుపెట్టండి. తెలుగు అకాడమీ, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం డిగ్రీ చరిత్ర పుస్తకాలు ప్రచురించాయి, మీ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ అభ్యర్థుల మధ్య ఒక కుర్చీ దొరికితే చాలు. పేర్ల పక్కన ఇంగ్లిష్ స్పెల్లింగ్ మాత్రం అప్పుడే రాసుకోండి, ఎందుకంటే వెర్సాయి వంటి పేర్లు పలికినట్టు రాస్తే తప్పుపోతాయి.

అక్కడికి వెళ్లాక సిలబస్ అని చేతికిచ్చే కాగితాన్ని జాగ్రత్తగా చదవండి. మన దగ్గర సిలబస్ అంటే పాఠాల జాబితా. అక్కడ అందులో పరీక్ష తేదీలు, గ్రేడు లెక్కలు, ప్రొఫెసర్ విద్యార్థులను కలిసే ఆఫీసు వేళలు కూడా ఉంటాయి. వారం వారం ఆయన పెట్టుకున్న శీర్షికలే చాలాసార్లు పరీక్ష ప్రశ్నలకు ఆనవాళ్లు. ప్రతి వారాంతంలో ఆ వారం పాఠం మీద మీరే ఒక ప్రశ్న తయారుచేసి, రెండు వాక్యాల్లో జవాబు రాసుకుంటే, పరీక్ష ముందు రాత్రి కొత్తగా ఆలోచించే అవస్థ తప్పుతుంది.

పోల్చమని అడిగే ప్రశ్నల దగ్గర కొంచెం ఎక్కువ జాగ్రత్త కావాలి. అల్జీరియా, ఘనా స్వాతంత్ర్యం పొందిన తీరును పోల్చమంటే, ఒక పేజీ అల్జీరియా గురించి, మరో పేజీ ఘనా గురించి రాసి వదిలేయడం పోల్చడం కాదు. అల్జీరియాలో దాదాపు పది లక్షల మంది యూరోపియన్లు స్థిరపడి ఉండడం, ఫ్రాన్స్ దాన్ని తన దేశంలో భాగంగానే లెక్కించడం వల్ల 1954 నుంచి 1962 వరకు యుద్ధం సాగింది. అటువంటి స్థిరనివాసులు లేని గోల్డ్ కోస్ట్‌లో (ఘనాకు అప్పటి పేరు) స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఎన్‌క్రుమా పార్టీ 1951 ఎన్నికల్లో గెలిచి, 1957 మార్చి 6న ఘనా స్వతంత్ర దేశమయ్యే దాకా బ్రిటన్‌తో బేరమాడగలిగింది. ఒకే అంశం మీద రెండు దేశాలనూ ఒకే పేరాలో నిలబెడితేనే అది పోలిక.

హైదరాబాదీలకు ఇక్కడ మరో ప్రలోభం ఉంటుంది. 1948లో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. వలసపాలన ముగిసిన చోట కొత్త సరిహద్దులు ఎలా స్థిరపడ్డాయని అడిగితే ఇది తరగతిలో ఎవరూ ఇవ్వలేని చక్కని ఉదాహరణ. ప్రశ్న అల్జీరియా గురించైతే మాత్రం మన ఊరి మీద ప్రేమను జేబులోనే ఉంచుకోండి.

కొన్ని పరీక్షల్లో వ్యాసంతో పాటు మార్షల్ ప్రణాళిక (రెండో ప్రపంచ యుద్ధం తరువాత యూరప్ కోలుకోవడానికి అమెరికా ఇచ్చిన సాయం) వంటి పేర్లిచ్చి నాలుగైదు వాక్యాలు రాయమంటారు. 1947 జూన్‌లో ప్రకటించారు, పశ్చిమ యూరప్‌కు సుమారు 1,300 కోట్ల డాలర్లు అందాయి అని ఆపకుండా, తూర్పు యూరప్ దేశాలను అందులో చేరకుండా సోవియట్ యూనియన్ అడ్డుకోవడంతో ఖండం చీలిక మరింత గట్టిపడిందన్న ప్రాముఖ్యాన్ని చేర్చండి. మార్కులు ఎక్కువగా ఆ చివరి వాక్యానికే ఉంటాయి.

తరగతిలో రాసే పరీక్షలకు చాలాచోట్ల బ్లూ బుక్ అనే పలుచని నీలి అట్ట పుస్తకం క్యాంపస్ పుస్తకాల షాపులో మనమే కొనుక్కుని తీసుకెళ్లాలి. మొదటి పది నిమిషాలు అందులో వ్యాసం మొదలుపెట్టకుండా, మొదటి పేజీలో థీసిస్‌నూ పేరాల క్రమాన్నీ చిత్తుగా రాసుకోండి. సైడ్ హెడింగులూ, రంగు పెన్నుతో కింద గీతలూ అక్కడ ఎవరికీ అక్కర్లేదు.

సీనియర్లు వాట్సాప్‌లో పంపే పాత వ్యాసాలనూ, కృత్రిమ మేధతో రాయించినవాటినీ మీవిగా ఇచ్చే ఆలోచన పెట్టుకోకండి. పట్టుబడితే కోర్సు పోవడంతో ఆగకపోవచ్చు. వ్యవహారం సస్పెన్షన్ దాకా వెళితే ఎఫ్-1 (విద్యార్థి వీసా) హోదాకే ముప్పు వస్తుంది. దాని బదులు, మీరు రాసిన ఒక నమూనా వ్యాసాన్ని మొదటి పరీక్షకు రెండు వారాల ముందే విద్యార్థుల రాతను చూసి సలహాలిచ్చే విశ్వవిద్యాలయపు రైటింగ్ సెంటర్‌కు తీసుకెళ్లండి, సాధారణంగా దానికి రుసుము ఉండదు. ప్రొఫెసర్ ఆఫీసు వేళల్లో వెళ్లి, ఈ థీసిస్ నిలబడుతుందా అని సూటిగా అడగండి. మన దగ్గర స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడినంత బెరుకు అక్కడ అవసరం లేదు. మొదటి పరీక్ష పేపర్ తిరిగి ఇచ్చినప్పుడు గ్రేడు చూసి సంచిలో పెట్టేయకుండా, అంచుల్లో ఆయన రాసిన వ్యాఖ్యలతో మళ్లీ ఆయన దగ్గరికే వెళ్లి, ఏ పేరాలో ఆధారం తగ్గిందో అడిగి తెలుసుకుని, ఆ ఒక్క పేరానూ తిరగరాసి చూపించండి.