తెలిసినవాళ్ళంతా మేధావులేనా?

సందేహం: ఇంగ్లీషు వ్యాసాలను తెలుగు చేస్తుంటాను. వైజ్, నాలెడ్జబుల్, లెర్నెడ్, ఇంటెలెక్చువల్ అనే నాలుగు మాటలకూ నిఘంటువులు జ్ఞాని, వివేకి, పండితుడు, మేధావి అని కలగాపులగంగా ఇస్తున్నాయి. పత్రికల్లోనైతే అందరూ మేధావులే. దేనికేది వాడాలి? 'విద్వాంసురాలు' అనవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాదు

సమాధానం: అమ్మా, ముందు మేధావి సంగతి తేల్చేద్దాం. 'ధీర్ధారణావతీ మేధా' అన్నాడు సంస్కృత నిఘంటువు అమరకోశం రాసిన అమరసింహుడు. విన్నదాన్ని జారిపోకుండా పట్టి ఉంచే బుద్ధి మేధ. ఆ లెక్కన పృచ్ఛకులకు చెప్పిన పద్యాలన్నిటినీ ఆఖర్న గడగడా అప్పజెప్పే అవధాని మేధావి. టీవీ చర్చలో నిన్న తానన్న మాట ఇవాళ గుర్తులేని పెద్దమనిషికి ఆ బిరుదెందుకు? ఇంటెలెక్చువల్‌కు బదులుగా ఆ మాట పాతుకుపోయింది, పెరికెయ్యమంటే వినేవారెవరు? మీరూ వాడండి. పిలుపు అందుకున్న ప్రతివాణ్ణీ 'ప్రముఖ మేధావి' అనడం మాత్రం మానండి.

లెర్నెడ్‌కు పండితుడో విద్వాంసుడో సరిపోతుంది. జ్ఞాని అంటే మనవాళ్ళకు వేదాంతి స్ఫురిస్తాడు. అమరంలోనే 'మోక్షే ధీర్జ్ఞానమ్' అని ఉంది, శిల్పశాస్త్రాల తెలివిడికి 'విజ్ఞానం' అని వేరే పేరు పెట్టాడు. వివేకమంటే వేరుచేసి చూడటం. పాలూ నీళ్ళూ విడదీసే హంసను అందుకే చెబుతారు.

వీటన్నిటికీ సంస్కృతం తలుపు తట్టాం. ఇంట్లో ఉన్నదాన్ని చూశామా? తెలివి! 'తెలి' అంటే తెల్లనిది, నిర్మలమైనది. తెలివెన్నెల, తెలిమంచు, తెల్లవారుజాము, అన్నీ ఆ ఇంటివే. కన్నడంలో 'తిళి' అంటే తేటనీరూ అవుతుంది, తెలుసుకోవడమూ అవుతుంది. తమిళంలో 'తెళివు' ఉంది. బురదనీళ్ళ కుండలో చిల్లగింజ అరగదీసి కలిపితే మడ్డి అడుక్కి దిగి పైన నీరు తేరుకుంటుంది చూశారా, మన పూర్వులకు తెలియడమంటే అదీ. మూర్ఛపోయినవాడు కళ్ళు విప్పితే 'తెలివి వచ్చింది' అంటున్నాం ఇప్పటికీ. ఇంగ్లీషు వైజ్ పుట్టింది చూపులోంచి. సంస్కృతంలో తెలుసుకోవడమనే 'విద్' ధాతువుకూ దానికీ మూలం ఒకటే. వాళ్ళ నో అన్న క్రియ 'జ్ఞా'కు చుట్టం.

మన 'తెలి' ధాతువు సత్తా చూడాలంటే భర్తృహరి సంస్కృత సుభాషితాలను తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి దగ్గరకు వెళ్ళాలి. భర్తృహరి ఏమీ తెలియనివాణ్ణి 'అజ్ఞః' అనీ, బాగా తెలిసినవాణ్ణి 'విశేషజ్ఞః' అనీ, కాస్త తెలిసి విర్రవీగేవాణ్ణి 'జ్ఞానలవదుర్విదగ్ధం' అని ఇంత పొడుగు సమాసంతోనూ ముగ్గురు మనుషుల్ని చెప్పాడు. మన కవి ఏం చేశాడు?

తెలియని మనుజుని సుఖముగఁ
దెలుపందగు సుఖతరముగఁ దెలుపఁగ వచ్చుం
దెలిసినవానిం దెలిసియుఁ
దెలియని నరుఁ దెల్ప బ్రహ్మదేవుని వశమే

ఒక్క కందంలో ఆ ధాతువు ఏడుసార్లు వచ్చింది, ఎక్కడా విసుగు లేదు! ఆ పొడుగు సమాసం 'తెలిసియుఁ దెలియని' అని రెండు మాటల్లోకి దిగిపోయింది. ఇంకొకటి గమనించండి. సంస్కృతంలో ఉన్నది 'ఆరాధ్యః', 'రంజయతి', అంటే మెప్పించడం. లక్ష్మణకవి దాన్ని 'తెలుపడం' చేశాడు. రాజసభలో నిలబడ్డ శ్లోకం బడిపంతులు గోడులా వినిపిస్తుంది తెలుగులో. మూలానికి దూరం జరిగాడని ఎవరైనా అంటే కాదనను. నాకు మాత్రం తెలుగే ఎక్కువ నచ్చుతుంది.

ఇంత మంచి మాటను మనమేం చేశాం? 'వాడు మహా తెలివైనవాడండీ' అంటే పక్కవాడు జేబు తడుముకుంటున్నాడు. 'అతితెలివి' సరేసరి. ఇంగ్లీషు కన్నింగ్‌కూ ఇదే గతి పట్టింది. ఒకప్పుడు దానికి తెలిసినతనం, నేర్పు అని అర్థం, ఇప్పుడు జిత్తులమారితనం. అందువల్ల వైజ్‌కు 'తెలివైన' అని వెయ్యమని గట్టిగా చెప్పలేను. సందర్భం పెద్దరికానిదైతే 'తలపండిన' అనండి, మంచిచెడులు తేల్చడమైతే 'వివేకి' అనండి. విజ్డమ్‌కు 'తెలివిడి' వాడి చూడాలని నాకుంది. పాఠకులు ఒప్పుకుంటారో లేదో మీలాంటి అనువాదకులే తేల్చాలి.

నాలెడ్జబుల్‌కు ఒక్క పదం కోసం తడుముకోవద్దు. 'విషయం తెలిసినవాడు' చాలు. మీ వైపు 'ఎరుక' అనే చక్కటి మాట ఉంది, 'నాకెరుక లేదు' అని రోజూ అంటారు కదా. 'ఎరుకగలవాడు' అని రాస్తే ఏ సంపాదకుడైనా కొట్టేస్తే నాకు రాయండి. 'జ్ఞానవంతమైన వ్యక్తి' అని మాత్రం రాయకండి. మనిషికి 'అమైన' ఏమిటి?

విద్వాంసురాలు నిక్షేపంగా అనవచ్చు. సంస్కృతంలో విదుషి.