నీ రిపోర్టు ఎవరి బల్ల మీదికి వెళ్తుంది?

చిరంజీవి బుజ్జికి,

మామయ్య ఆశీస్సులు. యూనివర్సిటీలో పాలసీ సెంటర్‌లో చేరావని అక్క చెప్పింది. చాలా సంతోషం. "మా రీసెర్చ్ ప్రభుత్వం దాకా వెళ్లాలంటే ఏం చేయాలి మామయ్యా" అని మెసేజ్ పెట్టావు. అది ఫోన్లో తెగే ముచ్చట కాదు, అందుకే ఈ ఉత్తరం. నా ఉద్యోగమంతా సచివాలయంలో ఫైళ్ల మధ్యే గడిచింది కాబట్టి, మీ రిపోర్టులు అందుకునేవాళ్ల వైపు నుంచే చెప్తాను. ప్రొఫెసర్ల వైపు సంగతి మీ డైరెక్టర్ గారు ఎలాగూ చెప్తారు.

ముందు ఆ రిపోర్టుకు ఏమవుతుందో చూడు. రెండొందల పేజీలు బైండు చేసి కార్యదర్శి గారి పేషీలో ఇస్తారు. ఇన్‌వర్డ్ నంబరు పడుతుంది. "పరిశీలించి ఫైలు పెట్టండి" అని సెక్షన్‌కు దిగుతుంది. ఆ రోజు సెక్షన్ ఆఫీసరు బల్ల మీద అసెంబ్లీ ప్రశ్నలకు జవాబులు, హైకోర్టులో వేయాల్సిన కౌంటరు, ఆడిట్ పేరాలు ఉంటాయి. మీ పుస్తకం గురించి ఆయన నోట్‌ఫైల్‌లో రాసేది ఒక్క పేరా. అది కూడా ముందుమాట చూసి రాస్తాడు. ఆయన్ని తప్పు పట్టకు, ఆయన స్థానంలో నువ్వున్నా అంతే.

కాబట్టి ఆ పేరా నువ్వే రాసివ్వు. రెండు పేజీల నోట్ చాలు. సమస్య ఏమిటి, ఏ జీవోలో ఏ క్లాజు మారాలి, మారిస్తే ఏడాదికి ఎంత ఖర్చు, ఏ పద్దు నుంచి, దానివల్ల ఎవరికి నష్టం. ఈ చివరిది యూనివర్సిటీ వాళ్లు దాదాపు ఎవరూ రాయరు. పై ఆఫీసరు మొదట అడిగేది మాత్రం అదే. ఖర్చు లెక్క లేని ప్రతిపాదన ఆర్థిక శాఖ దగ్గరికి వెళ్తే తిరుగు టపాలో వెనక్కి వస్తుంది. బడ్జెట్ సభకు వచ్చేది ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే అయినా, శాఖలు అంచనాలు కట్టేది అంతకు కొన్ని నెలల ముందు. మార్చిలో నువ్వు పట్టుకొచ్చే రిపోర్టు ఎంత మంచిదైనా ఆ ఏటికి బుట్టదాఖలే.

ఇక్కడ నీకొక కథ చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర స్మార్ట్‌కార్డుల మీద ఇచ్చే పద్ధతి తెచ్చారు కదా. 2010లో కొన్ని జిల్లాలకు దాన్ని విస్తరించేటప్పుడు అమెరికా యూనివర్సిటీల్లో పనిచేసే కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ ప్రభుత్వాన్ని ఒప్పించి, ఏ మండలానికి కార్డులు ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించారు. 157 మండలాలు, 1.9 కోట్ల జనం. డబ్బు త్వరగా అందింది, చేతివాటం తగ్గింది, అర్హులకు పథకం దూరం కాలేదు.

ఇంత బాగున్నా 2013లో ఆ పద్ధతినే ఎత్తేద్దామన్న ఆలోచన వచ్చింది. ఎందుకంటే కింది నుంచి పైకి వచ్చే కబురంతా ఫిర్యాదులే. పాత పద్ధతిలో పైసలు నొక్కేసినవాళ్లకు ఆఫీసుల్లో మాట చెల్లుతుంది. కూలి డబ్బు సరిగ్గా చేతికందిన ఆవిడ హైదరాబాద్ వచ్చి కార్యదర్శికి చెప్పదు. లబ్ధిదారుల్లో అత్యధికులు కార్డులే కావాలంటున్నారని ఈ పరిశోధకుల సర్వే చెప్పింది. కార్డులు ఉండిపోవడానికి అదీ ఒక కారణమైంది. ఈ ప్రయోగం మీద వాళ్లు రాసిన పరిశోధన పేపర్ పెద్ద జర్నల్లో అచ్చయింది 2016లో. అచ్చయ్యేదాకా నోరు విప్పకూడదని వాళ్లు కూర్చుని ఉంటే మూడేళ్ల ముందే కథ ముగిసిపోయేది. మీ సెంటర్‌లో పబ్లికేషన్ గురించే మాట్లాడేవాళ్లు కనిపిస్తే ఈ తేదీలు గుర్తు చెయ్యి, మర్యాదగానే.

తర్వాత 2018లో రైతుబంధు చెక్కుల పంపిణీలోనూ ఆ బృందంలోని వాళ్లే ఒక చిన్న పని చేశారు. కొన్ని మండలాల్లో, "మీ రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా అని అడుగుతాం" అని వ్యవసాయాధికారులకు ముందే చెప్పారు. అంతే. చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి రూపాయికి అయిన ఖర్చు 3.6 పైసలు. అధికారికి రుచించే లెక్క అంటే ఇది. సగటు ప్రభావం, ప్రామాణిక దోషం లాంటి గణాంకాల లెక్కలన్నీ అనుబంధంలో పెట్టుకో, నోట్‌లో పైసలు రాయి.

ఈ హైదరాబాద్‌లో సలహా చెప్పేవాళ్లకు కొదవ లేదు. బెల్లా విస్టాలో ఆస్కి (అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా) 1956 నుంచి ఉంది, బేగంపేటలో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) 1980 నుంచి ఉంది, ఇక కన్సల్టెన్సీలు సరేసరి. యూనివర్సిటీ సెంటర్‌కు వాళ్లకన్నా ఒక వెసులుబాటు ఉంది. మీ ప్రొఫెసర్ల జీతం ఏ శాఖ ఇచ్చే ప్రాజెక్టు మీదా ఆధారపడదు, కాబట్టి ఆ శాఖకు నచ్చని అంకె కూడా చెప్పగలరు. దాన్ని పోగొట్టుకోకండి. శాఖ డబ్బుతో చేసే సర్వే అయితే, ఫలితం ఎలా వచ్చినా ప్రచురిస్తామన్న షరతు ఎంఓయూలోనే, అంటే ఒప్పంద పత్రంలోనే రాయించుకోండి. డేటా ఎవరిది, ఎప్పటిదాకా వాడుకోవచ్చన్నదీ అందులోనే ఉండాలి. "అలాగేనండీ, పంపిస్తాం" అన్న ఆఫీసరు ఆర్నెల్లలో బదిలీ అవుతాడు, కొత్తాయనకు మీరెవరో తెలియదు. ఐఏఎస్‌లు వస్తారు, పోతారు. సెక్షన్ ఆఫీసరు, జిల్లాలో డిప్యూటీ డైరెక్టరు అక్కడే ఉంటారు. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు నీ డైరీలో ముందు పేజీలో ఉండాలి.

నీ అంశం కౌలు రైతులన్నావు. "కౌలు రైతులకు గుర్తింపు ఇవ్వాలి" అని మాత్రం రాయకు బిడ్డా. 2011లోనే సాగుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చింది, అయినా రైతుబంధు మాత్రం పట్టాదారు చేతికే వెళ్లింది. నువ్వు అడగాల్సింది ఆ కార్డు చాలామంది చేతికి ఎందుకు రాలేదని. భూమి యజమాని భయమా, బ్యాంకు మేనేజరు అనుమానమా, తహసీల్దారు ఆఫీసులో ఆగిందా? మూడింటికీ మార్చాల్సిన కాగితం వేరు, సంతకం పెట్టే మనిషీ వేరు. వానాకాలం సాగు మొదలయ్యేటప్పుడు ఏదైనా ఒక మండల వ్యవసాయ కార్యాలయంలో కొన్నాళ్లు కూర్చో. ప్రశ్నావళి ఆ తర్వాత తయారు చెయ్యి.

ఆ రెండు పేజీల నోట్ ముందు తెలుగులో రాసి నాకు పంపు. మండల ఆఫీసులో చదివి వినిపిస్తే అర్థమయ్యేలా ఉండాలి. ఇంగ్లీషుది మీ సార్లు చూసుకుంటారు. దిద్ది నాలుగు రోజుల్లో తిప్పి పంపిస్తాను. అక్కను, బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య