పునాదిలో దొరికిన పెంకులు, ఇంటర్ చదివే అమ్మాయి

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం. కొత్త ఇంటికి పునాది తీస్తుంటే ఎర్రటి కుండపెంకులు, ఒక రాగి నాణెం బయటపడ్డాయి. ఎవరికైనా చెబితే పని ఆగిపోతుందని మేస్త్రీ భయపెట్టాడు. ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది చదువుతున్న మా అమ్మాయి మాత్రం ఆ పెంకులు కడిగి అట్టపెట్టెలో దాచుకుంది. లండన్‌లో బిల్డింగులు కట్టేముందు ఇలాగే తవ్వి చూస్తారట, అది వీడియోలో చూసి ఆర్కియాలజీ చదువుతానంటోంది. మేం బీటెక్ అనుకున్నాం. ఇందులో ఉద్యోగాలుంటాయా?

జవాబు: ముందు ఆ వీడియో సంగతి. అమ్మాయి చూసింది నిజమే. లండన్‌లో ఒక ఆఫీసు కట్టడానికి తవ్విన చోట రోమన్ల కాలం నాటి చెక్క పలకలు 405 దొరికాయి. తడి బురదలో ఉండిపోవడం వల్ల చెక్క పాడవలేదు. పలక మీద పూసిన మైనం పోయినా, దాని మీద రాసిన ములుకు గీతలు చెక్కలోకి దిగి మిగిలాయి. వాటిలో క్రీ.శ. 57 జనవరి 8 తేదీ వేసిన పలక ఒకటి ఉంది. సరుకు తీసుకున్న మనిషి 105 దెనారీలు (రోమన్ వెండి నాణేలు) బాకీ ఉన్నానని రాసిచ్చిన పత్రం, అంటే మన ప్రోనోటే!

అక్కడ 1990లో వచ్చిన ప్రభుత్వ మార్గదర్శకంతో, కట్టేవాడే తవ్వకం ఖర్చు పెట్టుకునే పద్ధతి స్థిరపడింది. అందుకే ఆ పని చేసే సంస్థలు, వాటిలో ఉద్యోగాలు పుట్టాయి. మన దగ్గర ఆ పరిస్థితి లేదు. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం కూడదు, ఆ తర్వాత మరో 200 మీటర్ల వరకు అనుమతి కావాలి. ఆ పరిధి దాటితే మామూలు ఇంటి పునాదికి పురావస్తు పరిశీలన చేయించాలన్న నిబంధన లేదు. కాబట్టి లండన్ వీడియో చూసి ఇక్కడి ఉద్యోగాలను లెక్కెయ్యకండి.

అలాగని మనవాళ్లు ఎప్పుడూ చెయ్యలేదనుకోవద్దు. సాగర్ నీళ్లు రాకముందే నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి చేర్చారు. ఆ పని నడిపించిన ఆర్. సుబ్రహ్మణ్యం గారే మీ మండలంలోని బౌద్ధ క్షేత్రం శాలిహుండం తవ్వకాల మీద కూడా పుస్తకం రాశారు. ఆ శాలిహుండాన్ని 1919లో లోకానికి చూపించింది మన గిడుగు రామమూర్తి గారు. వంశధార ఒడ్డున ఇంత చరిత్ర పెట్టుకుని మన పిల్లలు లండన్ వీడియోలు చూడాల్సి రావడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఇక ఉద్యోగాలు. కేంద్ర పురావస్తు శాఖ, రాష్ట్ర శాఖ, మ్యూజియంలు, యూజీసీ నెట్ రాసి కాలేజీలో పాఠాలు చెప్పడం, ప్రధానంగా ఇవే. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యం. డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లు, ఆపైన గ్రేటర్ నోయిడాలో కేంద్ర శాఖ నడిపే పీజీ డిప్లొమా ఇంకో రెండేళ్లు. అమ్మాయి చేతికి జీతం వచ్చేసరికి ఏడెనిమిదేళ్లు పడుతుందని ఇప్పుడే మనసులో పెట్టుకోండి. అంత ఆగే ఓపిక మీ ఇంట్లో లేకపోతే ఆ మాట అమ్మాయికి ఇప్పుడే చెప్పడం మంచిది.

నన్నడిగితే ఎంపీసీ పిల్ల కాబట్టి జియాలజీ ఉన్న డిగ్రీలో చేర్చండి. మట్టి పొరలు చదవడం ఆర్కియాలజీకి ప్రాణం. ఒకవేళ మనసు మారినా భూగర్భ జలాలు, గనులు, మ్యాపింగ్ వైపు దారులుంటాయి. పీజీకి పుణె దక్కన్ కాలేజీ మంచి చోటు. దగ్గరలో కావాలంటే ఆంధ్రా యూనివర్సిటీలో చరిత్ర, పురావస్తు శాఖ ఉంది. చేరేముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హతలు చూసుకోండి. బీటెక్‌లో బలవంతంగా కూర్చోబెట్టడం మాత్రం నాకు నచ్చదు.

ఒక పరీక్ష పెట్టండి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి తవ్వకమంటే బంగారం, విగ్రహాలు. మొదటి క్యాంపులో నాలుగు రోజులు టూత్‌బ్రష్‌తో పెంకులు కడిగించి, ఒక్కో పెంకు మీద ట్రెంచ్ (తవ్విన గుంట) నంబరు, పొర నంబరు ఇంకుతో రాయించారు. అయిదో రోజు రైలెక్కేశాడు. మేస్త్రీ వాడే తాపీ లాంటిదే చేత్తో పట్టుకుని, ఎండలో గొంతుకూర్చుని, మట్టి రంగు ఎక్కడ మారుతుందో చూస్తూ అంగుళం అంగుళం గీకడమే ఈ పని. మీ అమ్మాయి చెప్పకుండానే పెంకులు కడిగిందన్నారు. అది మంచి గుర్తే.

నాణెం దాచకండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికినది పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాన్ని చింతపండుతో తోమనివ్వకండి, అక్షరాలుంటే పోతాయి. ఏ మూల, ఎన్ని అడుగుల లోతున, ఏ రంగు మట్టిలో దొరికిందో మేస్త్రీ మరిచిపోకముందే అడిగి, అమ్మాయి చేత నోటుబుక్కులో రాయించండి.