పక్కింటి పిల్ల తండ్రిని చూసుకుంటోంది, మేమేం చేయగలం?

అక్కా, పర్లాకిమిడిలో మీ పక్కింటి పదో తరగతి పిల్ల పక్షవాతం వచ్చిన తండ్రిని ఒక్కతే చూసుకుంటోందనీ, బడి మానేసేలా ఉందనీ రాశారు. మాదీ ఒడిశాలోని ఆ గజపతి జిల్లాయే. నేను తొమ్మిదిలో ఉండగా అమ్మకి ఎడమవైపంతా పడిపోయింది. నాన్న సూరత్‌లో మగ్గాల పని. డబ్బు పంపేవాడు, ఇంట్లో మాత్రం మేమిద్దరమే.

ముందు స్నానం సంగతి చూడండి. పైకి ఎవరూ అనరు గానీ అదే పెద్ద కష్టం. నేను బట్టలు మారుస్తుంటే అమ్మ కళ్లు మూసుకుని మొహం గోడవైపు తిప్పేసుకునేది. ఎదురింటి పిన్ని ఓరోజు వచ్చి "నువ్వు బడికి తయారవ్వు, అమ్మని నేను చూస్తాను" అంది. ఆపైన రెండేళ్లు, వానైనా పండగైనా, పొద్దున్న ఏడింటికి వచ్చేది. గంటసేపే. ఆ గంటే నన్ను పది గట్టెక్కించింది. అక్కడ తండ్రి కాబట్టి మగమనిషి కావాలి, బాబాయినో మేనమామనో ఒప్పించండి. "ఏదైనా కావాలంటే చెప్పమ్మా" అంటే ఏ పిల్లా చెప్పదు. ఫలానా పని, ఫలానా వేళకి మాది అని మీరే చెప్పండి.

ఆసుపత్రికి తోడు వెళ్లండి. మన వైపు ఇది మరీ ముఖ్యం. డాక్టరు ఒడియాలో చెబుతాడు, అమ్మకి తెలుగు తప్ప రాదు, ఒడియా బడిలో చదివిన నేనే మధ్యలో. "ఆ చెయ్యి ఇక పనిచెయ్యదు" అన్నాడాయన. "ఏటన్నాడ్రా?" అని అమ్మ. "కొన్నాళ్లు పడుతుందట" అన్నాను. ఆ మాట నమ్మి ఆవిడ రోజూ కుడిచేత్తో ఎడమచేతి వేళ్లు ఒక్కోటీ లాగి చూసుకునేది. అలాంటి మాట పద్నాలుగేళ్ల పిల్లాడు మోయకూడదక్కా.

కాగితాలు మీరు తిరగండి. వైకల్యం సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) ముందు, తర్వాత బ్లాకాఫీసులో ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను. పాతపట్నం చుట్టాలు ఆంధ్రాలో మంచాన పడ్డవాళ్లకి నెలకి 15,000 ఇస్తున్నారని ఆశపెడతారు. అది అక్కడివాళ్లకే, దానికోసం రోజులు పోగొట్టుకోవద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో, ఎక్కువ సాయం కావాల్సినవాళ్లకి సంరక్షకుల భత్యం మాట కూడా ఉంది. పింఛను అడిగేచోటే దాని గురించీ అడగండి.

హెడ్‌మాస్టరు దగ్గరికీ పెద్దవాళ్లే వెళ్లి చెప్పాలి. నేను రోజూ ఆలస్యంగా వెళ్లి తరగతి బయట నిలబడేవాణ్ణి, సిగ్గుతో కారణం చెప్పలేదు. పిల్ల మరీ దిగులుగా, నిద్ర లేకుండా కనిపిస్తే మానసిక సాయం ఇచ్చే టెలీమానస్ 14416కి ఫోన్ చేయించండి, ఖర్చుండదు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల సాయానికి 1098 ఉంది.

దయచేసి ఊరంతా కలిసి "బంగారు తల్లి" అని పొగడకండి. అలా పొగిడాక, అలిసిపోయానని చెప్పే దారి ఆ పిల్లకి ఉండదు.

మొదట్లో సాయం వద్దంటుంది. నేనూ వద్దన్నాను, తలుపు వేసేశాను కూడా. మర్నాడు ఏడింటికి పిన్ని మళ్లీ వచ్చింది.